ఒకేలా వచ్చిన మూడు తూకాలు

ఫిబ్రవరి 18, మంగళవారం

ప్రియమైన తక్కెడకు,

నీ బల్ల పక్కదాని పలకరింపులు. మా ఇంట్లో అందరూ బాగున్నారు. మీ అమ్మగారి మోకాలి నొప్పి తగ్గిందనుకుంటాను. ఇంత మర్యాదగా మొదలుపెట్టానని నవ్వకు. మూడు వారాలుగా నా ఫోన్ ఎత్తడం లేదు నువ్వు. ఉత్తరమైతే విసుక్కుంటూనైనా చివరిదాకా చదువుతావు.

ల్యాబ్ సంగతులు చెబుతాను. అందరూ మొక్కజొన్న గింజల ప్రయోగం ముగించి వేరేవాటిలోకి వెళ్లిపోయారు గానీ, మన బల్ల దగ్గర పాప్‌కార్న్ వాసన మాత్రం పోలేదు. నాకొక్కదానికే వస్తోందేమో తెలియదు. నిన్న మధ్యాహ్నం అందరూ వెళ్లాక గాజు సామాన్లు కడుగుతుంటే, నీవైపు నుంచి ‘టప్’మని ఒక గింజ పేలింది. బర్నర్లన్నీ ఆర్పేసి ఉన్నాయి. వెళ్లి చూస్తే బల్ల శుభ్రంగా తుడిచి ఉంది. ఇవాళ రెండుసార్లు వినిపించింది. అటెండరు బాబాయికి చెబితే, పరీక్షల ముందు అందరికీ ఏదో ఒకటి వినిపిస్తుందిలే అన్నాడు. తర్వాత త్రాసు గాజు తలుపు తుడుస్తూ, “ఆ పిల్ల రావడం మానేశాక దీని ముందు ఊపిరి బిగబట్టే వాళ్లే లేరమ్మా,” అన్నాడు.

నిజమే. వంద గింజలు తూచేటప్పుడు నువ్వు ఊపిరి కూడా తీసేదానివి కాదు. అందుకేగా నీకా పేరు పెట్టాం. గింజలు ఫ్లాస్కులో వేసి, మూతికి చిల్లుల రేకు చుట్టి, వేడిచేసి, పేలుళ్లు ఆగాక పూర్తిగా చల్లారేదాకా కదిలేదానివి కాదు. వేడి ఫ్లాస్కును త్రాసు తక్కువ చూపిస్తుందని నాకు నేర్పింది నువ్వే. తగ్గిన బరువంతా ఆవిరైపోయిన తేమ. తేమ అనే ఆ మాట నాకెంత నచ్చిందో. రెండే అక్షరాలు. గట్టి పెంకు లోపల ఎవరికీ కనిపించకుండా కూర్చుని, వేడెక్కగానే గింజను లోపలిది బయటికి తిరగేసేస్తుంది.

ఎంత పక్కకు తిప్పినా కలం మూడు వారాల కిందటి ఆ రోజు దగ్గరికే వస్తోంది. నీకు మూడుసార్లూ దాదాపు ఒకే తగ్గుదల: 2.10, 2.11, 2.10 గ్రాములు. చేత్తో చేసింది ఇంత నున్నగా రాదని, పుస్తకంలో చూసి లెక్క కట్టావని మేడం అన్నారు. నా రికార్డు ఎత్తి క్లాసంతటికీ చూపించారు. 2.12, 1.94, 2.37. చెల్లాచెదురుగా ఉన్నా నిజాయితీగా ఉందన్నారు. నీ పేజీ మీద అడ్డగీత కొట్టి, మళ్లీ చేయమన్నారు.

“చేశాను మేడం. మళ్లీ చేస్తే చేయలేదని ఒప్పుకున్నట్టే,” అని నువ్వు బ్యాగు తగిలించుకున్నావు. గుమ్మం దగ్గర ఒక్కసారి నావైపు చూశావు. ప్రతిసారీ ఫ్లాస్కు చల్లారేదాకా నువ్వు కూర్చోవడం నేను చూశాను. ఆ ఒక్క మాట చెప్పడానికి ఈ వసపిట్టకు నోరు పెగల్లేదు. క్షమించు.

శుక్రవారం లోపు రికార్డు మీద సంతకం పడకపోతే నిన్ను ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనివ్వరట. ఏడాదంతా పోతుందే. పంతం నా మీద చూపించు, నాలుగు తిట్టు, కానీ రా.

ఇట్లు,
నీ వసపిట్ట

తా.క. (బుధవారం): నిన్న మడతపెట్టిన ఉత్తరాన్ని మళ్లీ విప్పాను. ఆ ‘టప్’ నిన్న రాత్రి మా ఇంట్లో, నా గదిలో వినిపించింది.

నేను గింజలు పేల్చింది ఒక్కసారే. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న నవల అప్పుడే చివరి పేజీలకొచ్చింది. మిగతా రెండు వందల గింజలూ మన బల్ల సొరుగులోకి తోసేసి చదువుకుంటూ కూర్చున్నాను. తర్వాతి రెండు అంకెలూ నేను అల్లినవి.

ఈ ఉదయం మేడం గదికి వెళ్లి ఇదీ, నువ్వు మూడుసార్లూ నిజంగా చేసిన సంగతీ చెప్పేశాను. ఆమె రెండు రికార్డులూ పక్కపక్కన పెట్టుకుని చూసి, నీ పేజీ కింద సంతకం చేశారు. నువ్వు మళ్లీ చేయనక్కర్లేదు. ఆ తర్వాత, ఆ రెండు అంకెలు ఎలా ఎంచుకున్నావని నన్నడిగారు. క్లాసుకు వేళైందని చెప్పి వచ్చేశాను.

నీకు చెబుతాను. నిజంగా పేల్చిన ఆ ఒక్కటీ, 2.12, నీ అంకెల పక్కనే వచ్చింది. మిగతావీ అలాగే రాస్తే నీది చూసి ఎక్కించానంటారని భయపడ్డాను. అందుకని నీ పేజీ ముందు పెట్టుకుని, నీ అంకెలకు దూరంగా ఉండేవి వెతికి వెతికి రాశాను.