రెండు ఇటుకలకు సంజాయిషీ

వ్యవసాయ యంత్రాల అద్దె కేంద్రం అధికారి గారి సముఖమునకు,
సదరు కేంద్రంలో మూడవ ట్రాక్టరు నడుపు డ్రైవరు వ్రాసుకొను అర్జీ.

విషయం: మూడవ ట్రాక్టరు హైడ్రాలిక్ లిఫ్టును బాగు చేయించుట గురించి, అంతవరకు దానిని పొలానికి పంపకుండుట గురించి, మరియు మా మొద్దును మాకు ఇప్పించుట గురించి.

అయ్యా,

తమరు ఇచ్చిన మెమో అందినది. రెండుసార్లు చదువుకొంటిని. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి అర్థమై ఒళ్ళు మండినది. అందులో నన్ను అడిగినవి రెండు. ప్రమాదం జరిగిన రోజున నేనే పొరపాటున లివరు దించితిననీ, ట్రాక్టరు మాత్రం పూర్తి పని స్థితిలో ఉన్నదనీ సంతకం చేయవలెను. చేయనిచో ఉద్యోగం నుండి తొలగించబడుదును. ఇక రెండవది, సదరు ప్రమాదంలో పగిలిన ప్రహరీ ఇటుకలు రెండింటికి సంజాయిషీ ఇచ్చుకొనవలెను. నుజ్జయిన మనిషి చేయి గురించి మాత్రం మెమోలో ఒక్క ముక్క లేదు.

కావున ఈ దిగువ సంగతులు మనవి చేయుచున్నాను.

1. ట్రాక్టరు వెనుక రోటవేటరును, అనగా మట్టిని చీల్చే కత్తుల చట్రాన్ని, ఎత్తి పట్టేది నూనె. పంపు నూనెను తోస్తే ఆ ఒత్తిడికి లిఫ్టు లేస్తుంది. ఇది తమరికి తెలియదని కాదు, తెలిసినట్టు ఎక్కడా కనబడలేదు కనుక వ్రాయుచున్నాను. ఆ నూనె పోసే చోట మూత ఊడిపోయింది. స్టోరు గుమాస్తా గారిని అడిగితే, "మూత విడిగా రాదయ్యా, ట్రాక్టరుతోపాటే వస్తుంది" అన్నారు. మూత కోసం ట్రాక్టరు కొనే స్తోమత లేక అక్కడ పాత గుడ్డ కుక్కితిని. షెడ్డులో తమరి కారు ఉండుటచే ట్రాక్టరు ఆరుబయట ఉండినది. వాన నీళ్ళు గుడ్డలోంచి దిగి నూనె పాలు కలిపినట్టు తెల్లబడింది. నీళ్ళు కలిసిన నూనె లోపలి భాగాలన్నిటినీ తినేస్తుంది. పాత నూనె తీసి, లోపల కడిగి, ఫిల్టరు మార్చి కొత్తది పోయించమని అడిగితిని. వాన నూనెలోకి దిగింది గానీ, నా మాట మాత్రం దున్నపోతు మీద వానే అయింది.

2. తదుపరి నూనె కారకుండా పట్టి ఉంచే లోపలి సీళ్ళు అరిగి, ఇంజను ఆపగానే లిఫ్టు జారుట మొదలైనది. రోటవేటరును ఎత్తి పెట్టి, టీ తాగి వచ్చేసరికి అది నేల మీద ఉండేది. ఫిర్యాదు చేయగా తనిఖీదారు గారు దయచేసినారు. ఇంజను వేయించి, లివరు లాగించి, రోటవేటరు పైకి రాగానే "లేస్తోందిగా!" అని వెళ్ళిపోయినారు. లేవడం ఒక గొప్ప కాదయ్యా. లేచింది లేచినచోట నిలబడాలి.

3. మరమ్మతు క్రింద సదరు ట్రాక్టరుకు ఎర్ర రంగు వేయించినారు. పైన పటారం, లోన లొటారం. చక్రాల నట్లకు కూడా రంగు వేశారు. ఇప్పుడు అవీ ఊడి రావడం లేదు.

4. ఇట్టి పరిస్థితిలో మా ప్రాణాలు కాపాడినది ఒక కర్ర మొద్దు. మోకాలెత్తు ఉంటుంది. డ్రైవర్లమందరం దానిని పెద్దాయన అంటాము. లిఫ్టు ఎత్తగానే దాని కింద పెద్దాయనను నిలబెట్టి, ఆ తరువాతే ఎవరైనా లోపలికి దూరేవాళ్ళం. "పెద్దాయన్ని పెట్టావా?" అని ఒకరు అడగాలి, "పెట్టా" అని ఇంకొకరు చెప్పాలి. అడగకుండా దూరితే తిట్లు తప్పవు. ఇది ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు. అయినా దీన్ని మాలో ఒక్కడూ తప్పలేదు.

5. పై అధికారులు వచ్చుచున్నారని ఆవరణ శుభ్రం చేయించిన రోజున పెద్దాయన మాయమైనాడు. చెత్తతోపాటు పోయినాడనుకొని వెతుకుతూనే ఉన్నాము. మరునాడు మా బావమరిది, అనగా నా భార్య తమ్ముడు, అదే ట్రాక్టరు మీద హెల్పరు, రోటవేటరుకు చుట్టుకున్న గడ్డి కోయవలసి వచ్చినది. "పెద్దాయన్ని పెట్టావా?" అని అడిగితిని. "ఆయనెక్కడున్నాడు బావా! గోడ దగ్గర ఇటుకలుంటే రెండు పెట్టా. గట్టిగానే ఉన్నాయిలే" అని కొడవలితో కింద దూరినాడు. నేను ముందువైపు రేడియేటరులో నీళ్ళు పోయుచున్నాను. లివరు వెనుక ఉంటుంది. నా చేతులు అంత పొడుగు కావు. లోపల సీలు తెగినట్టుంది, రోటవేటరు ఒక్కసారిగా దిగినది. ఇటుకలు పిండి అయినవి. వాడి కుడిచేయి కత్తుల కింద ఉండినది.

వేళ్ళకు మళ్ళీ పట్టు వస్తుందో రాదో చెప్పలేమని డాక్టరు అన్నారు. వాడి భార్య పొద్దున్నే పనికి పోతుంది కనుక కూతురికి జడ వేసేది వాడే. ఆ పిల్ల దువ్వెన పట్టుకొని ఆసుపత్రికి వచ్చి, "నాన్నా, ఒక చేత్తో రాదా?" అని అడిగింది. నేను బయటికి వెళ్ళి గోడకు తల ఆనించి ఏడ్చాను. ఇది అర్జీలో వ్రాయదగిన విషయం కాదని తెలుసు. వ్రాశాను.

6. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినట్టు, ఆ సమయంలోనే స్టోరు గుమాస్తా గారు కాగితంతో మంచం దగ్గరికి వచ్చినారు. "చిన్న సంతకమేగా, నీ సొమ్మేం పోయింది?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే మా వాడు కట్టు కట్టిన చేయి ఎత్తి చూపినాడు. "బావా, పెట్టకు. నువ్వు పెడితే బండి బాగుందని రేపు ఇంకొకణ్ణి పంపుతారు. వాడికీ పిల్లలుంటారు" అన్నాడు.

7. మెమో తీసుకొనుటకు తమరి గదికి వచ్చిన నాడు పెద్దాయన దర్శనమైనది. తమరి కూలరు స్టాండుకు ఒక కాలు విరిగితే ఆ కాలి స్థానంలో నిలబడి ఉన్నాడు. తల మీద రోటవేటరు గాట్లు, ఒంటి నిండా మా నూనె మరకలు. పోల్చుకోలేనా? మేము ఊరంతా వెతుకుతుంటే ఆయన తమరికి చల్లగాలి మోస్తున్నాడు. ఆ క్షణాన నేను తమరి మీద చేయి చేసుకోకుండా నమస్కారం పెట్టి వచ్చినందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపంగా ఉంది.

కావున ప్రార్థించునది ఏమనగా: లిఫ్టు విప్పించి సీళ్ళు, ఫిల్టరు, నూనె మార్పించవలెను, మూత తెప్పించవలెను. అంతవరకు ఆ ట్రాక్టరును నాకు గానీ మరొకరికి గానీ ఇవ్వరాదు. మా మొద్దును మాకు ఇప్పించవలెను. సంతకం చేయను. ఉద్యోగం తీసేస్తే తీసేయండి. ఇటుకలకు నా సంజాయిషీ ఒక్కటే: మొద్దు చేయవలసిన పని వాటికి అప్పగించినందున పగిలినవి.

కోపంతో వ్రాసినదే గానీ అబద్ధం లేదు కనుక, కోపం విడిచి నిజం చిత్తగించవలెను.

తమ విధేయుడు (ఉద్యోగం ఉన్నంతవరకు),
మూడవ ట్రాక్టరు డ్రైవరు

తా.క.: ఈ అర్జీ ఇద్దామని వస్తే తమరు భోజనానికి వెళ్ళారని ప్యూను చెప్పాడు. చాలాసేపు చూశాను, రాలేదు. అందుచేత మొద్దు సంగతి వరకు నేనే మంజూరు చేసుకున్నాను. పెద్దాయనను భుజాన వేసుకొని పోతున్నాను. కూలరు ఒరిగిపోకుండా ఆ కాలి స్థానంలో ప్రహరీ దగ్గరి ఇటుకలే మరో రెండు నిలబెట్టాను. చూడడానికి గట్టిగానే ఉన్నాయి. ఆ రోజు కూడా అలాగే ఉన్నాయి. అయ్యా, తమరి పెన్ను దొర్లి కూలరు కిందికి పోతే పోనివ్వండి. చేయి మాత్రం పెట్టకండి.