గొర్రెను తేను, తాతయ్యగారూ

సుఆమె మెకానిక్కుల పేట,
కుమాసి.
బుధవారం, 14 ఆగస్టు 1996

మా వంశానికి పెద్ద, అమ్మమ్మకు స్వయానా తమ్ముడు నానా తాబిరి గారికి, మీ అక్క మనవరాలు అచియా చెప్పులు విడిచి, తల వంచి రాస్తున్న ఉత్తరం.

తాతయ్యగారూ, మీ మోకాళ్ళ నొప్పి తగ్గిందని తలుస్తాను. ఇక్కడ అమ్మ కులాసా. పక్షవాతంతో మాట పడిపోయినప్పటి నుంచీ మా వెనక గదిలో ఉంటున్న సాఫో మామయ్య వేళకు తింటున్నాడు, వేళకు పడుకుంటున్నాడు. వానలు కాస్త తెరిపిచ్చాయి. కొత్త పెండలాలు బజారుకొచ్చాయి. మర్యాదలు అయ్యాయి కాబట్టి ఇక సంగతికొస్తాను.

మీరు పంపిన కబురు మీ అబ్బాయి ఒబెంగ్ నాకు చెవిలో చెప్పలేదు. నా షెడ్డు ముందు నిలబడి, పేట పేటంతా వినేలా చాటింపు వేశాడు. నేను తెల్ల గొర్రెను, రెండు సీసాల సీమ సారాను పట్టుకొచ్చి, మామయ్య మిలిటరీ లారీ ముందు మోకరిల్లి తప్పయిపోయిందని ఒప్పుకోవాలట. ఆడదాన్నయ్యుండి నేను డ్రైవరు సీటెక్కినందుకు మామయ్య ఆత్మకు కోపమొచ్చి, మనిషి బతికుండగానే లేచిపోయి లారీలో కూర్చుందట. బ్యాటరీల్లోని కరెంటంతా అదే తాగేస్తోందట. నేను ఒప్పుకోకపోతే శనివారం సభ పెట్టి, లారీని తుక్కువాళ్ళకు అప్పగించి ముక్కలు కోయిస్తారట.

తేను తాతయ్యగారూ. గొర్రెనూ తేను, సారానూ తేను. మోకాళ్ళ మీద కూర్చునేది చక్రాల కింద పని ఉన్నప్పుడే.

ఆ లారీ ఎవరిదో మీకు గుర్తు చేయాల్సి రావడమే నాకు సిగ్గుగా ఉంది. సైన్యం వాళ్ళు వేలం వేస్తే ఇంజను తిరగని స్థితిలో దాన్ని తెచ్చి, బాగుచేసి, ఉత్తరాది నుంచి పెండలాలు మోసి మన ఇళ్ళన్నిటికీ కూడు పెట్టినవాడు మామయ్య. మీ ఇంటి పెంకులు కూడా దాని మీదే వచ్చాయి. దాని నుదుటి మీద ఆయన రాయించుకున్న మాట ‘ఎవరికీ జడవను’. నాకు వైరింగు పని నేర్పింది కూడా ఆ లారీ కిందే. ఆడపిల్లకు ఇదేం పని అని మీరంతా ముక్కున వేలేసుకుంటే, దాని వేళ్ళు సన్నగా ఉంటాయి, గేజీల వెనక్కి సులువుగా దూరతాయి, మీ వేళ్ళు దూరతాయా అని మీ మొహం మీదే అడిగాడు.

ఆయన పడిపోయిన నెలలోనే మీరు తాళాలు పట్టుకెళ్ళి ఒబెంగ్ చేతిలో పెట్టారు. మన ఆచారంలో సొత్తు మేనమామ నుంచి అక్కచెల్లెళ్ళ పిల్లలకు పోతుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ప్రతి సభలోనూ మీరే కర్ర నేలకు కొట్టి మరీ చెప్పిన మాట అది. ఒబెంగ్ మీ కొడుకు, వాళ్ళమ్మ వంశం వాడు. మన వంశపు లారీ మీద వాడికేం హక్కుంది? ఆచారం మీ ఇంటి గుమ్మం దగ్గరికొచ్చేసరికి చెప్పులు విడిచి బయటే నిలబడుతుందా?

అదలా ఉంచండి. తాళాలు చేతికి రాగానే ఒబెంగ్ చేసిన మొదటి ఘనకార్యం రంగులేయించడం. ‘ఎవరికీ జడవను’ చెరిపించి ‘పెద్దల దీవెన’ అని రాయించాడు. కొత్త పేరు పెడితే బండికి ఒళ్ళంతా కొత్త రంగు పడాలి కదా, అది మన డ్రైవర్ల పట్టింపు. తుప్పు మచ్చ కూడా కనపడకూడదని మీరు దగ్గరుండి చెప్పారట. పెయింటరు లార్బి మీ మాట జవదాటలేదు. బ్యాటరీలు దింపి, తీగలు ఊడదీసి, అడుగున చాసిస్‌కు కూడా నీలం రంగు మందంగా పూతలు పూతలుగా పట్టించాడు. తర్వాత ఎక్కడివక్కడ బిగించాడు.

ఆ వారం నుంచే కదా లారీకి దెయ్యం పట్టింది?

ఛార్జింగు గేజీ ముల్లు పచ్చగీత దగ్గర నిలబడాల్సింది పోయి ఎరుపులో పడిపోయింది. హారన్ కొడితే లైట్లు మినుకుమన్నాయి. బ్రేకు తొక్కితే పక్క లైటు వెలిగింది. ఒబెంగ్ ఒక చేత్తో చోకు లాగుతూ స్టార్టు చేయబోతే చోకు తీగ వేళ్ళు కాల్చింది. ఆత్మ కరిచిందిరో అని వాడు పెట్టిన పెడబొబ్బకు మొక్కజొన్న కెంకె ముద్దలు అమ్మే మామ్మ బుట్ట వదిలేసి పరిగెత్తింది. ఆవిడ ఇప్పటికీ ఆ లారీ వైపు చూడకుండానే నడుస్తుంది.

ఒకడొచ్చి డైనమో మార్చాడు. ఒకడొచ్చి బ్యాటరీలు మార్చాడు. ఇంకొకడు కొత్త గేజీ తెచ్చి పెట్టాడు, ఆ ముల్లూ ఎరుపులోకే పోయింది. వచ్చినవాడల్లా తలా ఒక వైరు కలిపి, పాత ట్యూబు ముక్కలతో కట్టేసి పోయాడు. పక్క షెడ్డులో ఉన్న నన్ను మాత్రం ఒక్కరూ అడగలేదు. చివరికి దాన్ని తాడు కట్టి ఈడ్చుకొచ్చి మా అందరి షెడ్ల మధ్య ఖాళీ జాగాలో పడేశారు. అప్పుడు ఒకసారి సీటెక్కి తాళం తిప్పి చూశాను. మీకు అందిన నేరం అదే.

మొన్న సోమవారం నేను ఎవరినీ అడగకుండా బానెట్ ఎత్తాను. అడగాల్సిన మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు కనుక మిమ్మల్ని అడగలేదు. ఇంజన్ల మేస్త్రి ఎన్సియా వచ్చి చంకలో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఏం తల్లీ, గొర్రె ఏదీ, నువ్వే మేస్తున్నావా అన్నాడు. మేత మిగిలితే నీకూ పెడతాలే మేస్త్రీ, ముందు ఆ వెలుగుకు అడ్డం తప్పుకో అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. ఒబెంగ్ అయితే, దాని ఒంటి మీద చెయ్యేస్తే నీ చెయ్యి పడిపోతుందని బెదిరించాడు. పడిపోతే రెండోది ఉందిగా అన్నాను.

ముందు ఆ మహానుభావులు కలిపిన వైర్లన్నీ పీకి కింద పోశాను. బుట్టెడు అయ్యాయి. తర్వాత చోకు తీగ గురించి ఆలోచించాను. మనిషి వేలు కాలిందంటే అందులోంచి కరెంటు పారుతోందన్న మాట. దానికేం పని అక్కడ? బ్యాటరీ నుంచి బయల్దేరిన కరెంటు ఇంజను, చాసిస్ మీదుగా మళ్ళీ బ్యాటరీకి చేరాలి. దాని దారి మూసుకుపోతే ఏ సందు దొరికితే ఆ సందులో దూరుతుంది. అందుకని ఒక లావు తీగ తీసుకుని బ్యాటరీ ఎర్తు నుంచి నేరుగా ఇంజనుకు పట్టుకుని, స్టార్టు చేయమని ఎన్సియా మేస్త్రితో అన్నాను. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. ఇంతమంది తిట్టిన ముల్లు లేచి పచ్చగీత మీద నిలబడింది. తీగ తీస్తే మళ్ళీ ఎరుపు. పెడితే పచ్చ. ఎన్సియా నోరు తెరిచి, ఆత్మ నీ తీగలోకి ఎక్కిందా ఏంటే అన్నాడు. ఈసారి వెటకారం లేదు, నిజంగానే అడిగాడు పాపం.

లారీ కిందికి దూరి, బ్యాటరీని చాసిస్‌కు కలిపే ఎర్తు పట్టీ బోల్టు విప్పాను. పట్టీ కింద నిగనిగలాడుతూ నీలం రంగు! ఇనుముకు ఇనుము తగలాల్సిన చోట మీరు దగ్గరుండి వేయించిన రంగు తాతయ్యగారూ. రంగులోంచి కరెంటు పారదు. గేజీ పలక వెనకా అదే. రంపపు బ్లేడు ముక్కతో గీకి గీకి, ఇనుము మెరిసేదాకా గీకి, గ్రీజు రాసి బిగించాను. ఆ తర్వాత హారన్ కొడితే హారనే మోగింది, బ్రేకు తొక్కితే బ్రేకు లైటే వెలిగింది. పేటంతా చుట్టూ చేరి చూసింది. ఒబెంగ్ మాత్రం ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్ళిపోయాడు.

కాబట్టి లారీలో ఏ ఆత్మా లేదు. ఉన్నది మీ రంగు. ఒబెంగ్‌కు పనికిరాని లారీ ఇంకెవరికీ దక్కకూడదని, మామయ్య కన్ను మూయకముందే దాన్ని కోయించేస్తే నాకూ మా చెల్లెళ్ళకూ మిగిలేదేమీ ఉండదని మీరు చేసిన ఆలోచన మాత్రం నాకు అర్థం కాకపోలేదు. కోపంగా ఉంది తాతయ్యగారూ. మీరంటే భయం లేక కాదు, చిన్నప్పటి నుంచీ ఉంది. భయపడుతూనే రాస్తున్నాను, అయినా రాస్తున్నాను. బతికున్న మనిషి సొత్తును పంచే హక్కు సభకు లేదు. అందరూ వినేలా ఈ ఉత్తరం సభలో చదివించండి. మీరు చదివించకపోతే అమ్మ దగ్గర దీని నకలు ఉంది.

అత్తలకు, పిల్లలకు నా నమస్కారాలు. మీ మోకాళ్ళకు షియా వెన్న పంపుతున్నాను, కాస్త వెచ్చజేసి రాయించుకోండి.

మీ మాట వినని, మీ మేలు కోరే మనవరాలు,
అచియా

తాజా కలం: ఈ ఉత్తరం అందేసరికి తుక్కువాళ్ళను తీసుకుని మీరు మా పేటకు వచ్చినా లాభం లేదు. లారీ అక్కడ ఉండదు. ఇది కవరులో పెట్టగానే టెచిమాన్‌కు పెండలాల కోసం బయల్దేరుతున్నాం. శుక్రవారానికి తిరిగొస్తాం. ‘బయల్దేరుతున్నాను’ అనకుండా ‘బయల్దేరుతున్నాం’ అని ఎందుకు రాశానంటే, మామయ్య కూడా వస్తున్నాడు. ఇప్పటికే నా భుజం పట్టుకుని ముందు సీట్లో ఎక్కి కూర్చుని, ఇంకా ఎంతసేపు రాస్తావే అని అరుస్తున్నాడు. అవును, అరుస్తున్నాడు. ఆయనకు మాట తిరిగొచ్చి చాలా రోజులైంది. ఈ సంగతి నాకూ సోమవారం సాయంత్రం దాకా తెలియదు. ఇంజను చప్పుడు ఇంటిదాకా వినపడ్డాకే నాతో మాట్లాడాడు. లారీ కదలకముందే తనకు మాట వచ్చిందని తెలిస్తే వాళ్ళు దాన్ని మరునాడే కోయించేవాళ్ళు అన్నాడు. మీరు, ఒబెంగ్ ఆయన మంచం పక్కనే కూర్చుని, వీడి పని అయిపోయింది, వినపడదు, తెలియదు అనుకుంటూ మాట్లాడుకున్నవన్నీ నాకు అక్షరం పొల్లుపోకుండా వినిపించాడు. అవి నేను ఈ ఉత్తరంలో రాయలేదు, రాయొద్దన్నాడు. శనివారం సభ మాత్రం తప్పకుండా పెట్టమన్నాడు. ఎవరు ఏమన్నదీ అక్కడ మీరే ముందు చెబుతారా, లేక ఆయన్నే మొదలుపెట్టమంటారా అని అడగమన్నాడు.