నల్లబట్ట కింద తెలుపు

కొల్లేటి లంక,
ఫిబ్రవరి 1936

ప్రియమైన విజయకుమారికి,

క్షేమం. ఏలూరు నుంచి పడవ మీద కెమెరా పగలకుండా చేరింది. లంకలోనే పోతురాజుగారనే ఆయనింట్లో దిగాను. పోయిన వానల్లో తెగిన కట్ట, కూలిన ఇళ్లు ఫోటోలు తీసి ఇంజనీరుగారికి చూపిస్తే, ఈసారి ముంపు రాకముందే కట్ట వేస్తారని లంకవాళ్ల ఆశ.

నా పనే సాగడం లేదు. నల్లబట్ట కప్పుకుని కెమెరా వెనక గరుకు అద్దంలోకి చూస్తే కట్ట కనిపించదు. పాలు ఒలికినట్టు తెల్లదనమే. నీళ్ల మీది ఎండ లెన్సులో పడుతోంది. అట్టను గొట్టంలా చుట్టి, లోపల దీపపు మసి పూసి, లెన్సుకు ముందు హుడ్డుగా తొడిగాను. అయినా పోలేదు. అంచనా మీద తీసిన గాజు ప్లేట్లు పంపుతున్నాను. కడిగి, బొమ్మ ఎలా వచ్చిందో ఉన్నది ఉన్నట్టు రాయి.

నీ
దేవసహాయం

*

ఏలూరు

ప్రియమైన మీకు, విజయ వందనాలు.

ప్లేట్లు కడిగానండి. మీరు భయపడినట్టు తెలుపేమీ లేదు. హుడ్డు మరీ పొడుగైనట్టుంది, నాలుగు మూలలూ నల్లగా వచ్చాయి. కొంచెం కత్తిరించండి. ఇంకొక్క మాట, కోపగించుకోకండి. కట్ట మసకగా ఉంది, దాని ముందున్న తుంగ మాత్రం పరకపరకా తేలింది. ఫోకస్ మీకెప్పుడూ తప్పదే!

చేపల పులుసు బాగుందని రెండు పూటలా అదే తినకండి.

మీ
విజయ

*

కొల్లేటి లంక

విజయా,

నన్ను ఓదార్చడానికి అబద్ధం రాస్తున్నావా? హుడ్డు కత్తిరించమన్నావు, నేను ఇంకో జానెడు పెంచాను. సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకున్నాను. పోతురాజుగారు మోకాటిలోతు నీళ్లలో గొడుగు పట్టుకుని నిలబడ్డారు. లెన్సు తుడిచాను, మళ్లీ తుడిచాను. అదే తెలుపు. మబ్బు పట్టిన రోజు కూడా అంతే.

ఇంజనీరుగారు త్వరలో వస్తారు. నిన్న లెన్సు ఊడబీకి కొల్లేట్లోకి విసరబోయాను. పోతురాజుగారు చెయ్యి పట్టుకుని, “అయ్యగారండీ, అది పారేస్తే మా గోడు ఇంకెవరికి చూపిస్తామండీ? కావాలంటే నన్ను తిట్టండి” అన్నారు. కూలబడి ఏడ్చాను. ఇన్నేళ్ల పనితనం ఏమైపోయింది? ప్రార్థన కూడా నోటికి రావడం లేదు. ఇప్పుడు దీపం పెట్టుకుని రాస్తుంటే దాని చుట్టూ కూడా అదే తెలుపు.

ఇంకేం రాయను.

దేవసహాయం

*

ఏలూరు

ఏవండీ,

మీ ఉత్తరం అందింది. ఒక వరుస మీద ఇంకో వరుస రాశారు. అది మీకు తెలియనే లేదు.

దీపానికి లెన్సు లేదు కదండీ.

అక్కడ కూడా తెలుపు కనిపిస్తే అది కెమెరాలోది కాదు, మీ కళ్లలోది. మా నాన్న కళ్లకు పొర కమ్మినప్పుడు ఆయనా ఇలాగే, ఊరంతా మంచు కురుస్తోందనేవారు.

లెన్సు జోలికి వెళ్లకండి. ఒంటరిగా గట్టు మీదికి వెళ్లకండి. రేపటి పడవకు వస్తున్నాను.

మీ
విజయ

*

కొల్లేటి లంక,
ఏప్రిల్ 1936

ప్రియమైన మీకు,

ఈ ఉత్తరం మీ తమ్ముడు పేతురు చదివి వినిపిస్తాడు. ఆపరేషన్ అయ్యాక, కళ్లకు కట్టుతో మిమ్మల్ని ఆసుపత్రి మంచం మీద వదిలి రావడానికి నాకు మనసొప్పలేదు. “నా దగ్గర కూర్చుని ఏం చేస్తావు? ఇంజనీరు రాక వాయిదా పడబట్టి సరిపోయింది. వెళ్లి ఆ కట్ట సంగతి చూడు” అని మీరే కసిరి పంపారు.

ఒక సంగతి చెప్పాలి. మధ్యాహ్నం హుడ్డు లేకుండా నల్లబట్టలో తల పెడితే నాక్కూడా తెల్లగానే కనిపించిందండి! మీరు చేసిన గొట్టం తొడగగానే కట్ట, గండి, పడిపోయిన గోడలు అన్నీ తేలిపోయాయి. అది మొదటిరోజు నుంచీ పనిచేస్తూనే ఉంది. మీకే కనబడలేదు. ఆ బట్ట కిందే చాలాసేపు ఏడ్చాను.

మూలలు తేలేదాకా హుడ్డు కొద్దికొద్దిగా కత్తిరించాను. పోతురాజుగారి భార్య సూరమ్మగారు పక్క ఎండ పడకుండా తాటాకు గొడుగు పట్టారు. ఇక్కడే చీకట్లో కడిగిన ఫోటోలు చూసి ఇంజనీరుగారు “పైకి రాస్తాను” అన్నారు. కట్ట వేస్తారో లేదో తెలియదు. పోతురాజుగారు మాత్రం, “మా ఎండలోనే అయ్యగారి కళ్లు పోయాయాండీ?” అని తల దించుకున్నారు. కాదండీ అన్నాను. నమ్మినట్టు లేరు.

ఒక కంటికే ఆశ ఉందని డాక్టరుగారు నాతో చెప్పారు. మీకు చెప్పే ధైర్యం అప్పుడు లేకపోయింది. నేను వచ్చేదాకా కట్టు విప్పవద్దని పేతురు డాక్టరుగారిని బతిమాలాలి. ఒకవేళ ముందే విప్పేసి, ఏమీ కనబడకపోతే, ఆ మాట ఎవరిచేతా రాయించకండి. నేను వచ్చి పక్కన కూర్చున్నాక, మీ నోటితోనే చెప్పండి.

మీ
విజయ