మణికట్టు మీది గాలి లెక్క

చిరంజీవి బావమరిదికి,

బావ దీవించి రాయునది. నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది, మన్నించు. ముప్పై ఒక్క ఏళ్లు నీళ్లలో మునిగి ఓడల అడుగున నాచూ గవ్వలూ గీకిన చెయ్యి, కాగితాన్నీ గీకుతుంది. ఊరి బడిలో ఐదో తరగతితో సరిపెట్టుకున్నవాణ్ణి, తప్పులుంటే నువ్వే దిద్దుకో.

పని మానేసి మూడు వారాలైంది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఆ కొత్త చేతి గడియారం వల్ల. ఇదివరకు వీపు మీది గాలి సిలిండర్ నుంచి గొట్టం వేలాడేది, దాని చివర ముల్లు ఎంత గాలి ఉందో చూపేది. ఇప్పుడు గొట్టం లేదు. సిలిండర్ మెడ దగ్గర బొటనవేలంత బుడిపె ఉంది. తీగ లేకుండా అదే గడియారానికి కబురు పంపుతుంది. ఆ కబురు ప్రకారం నా గాలి చిల్లు కుండలో నీళ్లలా పోతోంది. మన రేవులో అందరికంటే తక్కువ గాలి పీల్చేవాడినని పేరున్నవాణ్ణి! ఊపిరితిత్తులు ముసలివైపోయాయి. మేస్త్రి పొమ్మనక ముందే నేనే వచ్చేశాను.

నీ గడియారం ఏమంటోంది?

ఇట్లు,
బావ

తా.క. వచ్చేసేటప్పుడు మేస్త్రి ఆ గడియారం నాకే బహుమతిగా ఇచ్చాడు. ఇంట్లో అంకెల బదులు గీతలు చూపిస్తోంది. "ఈ ఇంట్లో మీకు గాలి ఆడటం లేదని చెబుతోందా?" అని మీ అక్క నన్ను నిలదీసింది.

*

బావకు నమస్కారాలు.

నీ ఉత్తరం మొదట తలకిందులుగా పట్టుకుని చదివాను. అలా కూడా బాగానే ఉంది.

దిగులు పడకు బావా. అరవై దాటాక ఊపిరి మన మాట వింటుందా? నాకింకా యాభై ఎనిమిదే కాబట్టి నా మాట వింటోంది. మనం కలిసి దిగినన్నాళ్లూ, గంటసేపు గీకి పైకొచ్చినా నా గడియారంలో సగం గాలి మిగిలేది. నోట్లో గొట్టం పెట్టుకుని కూడా కూనిరాగాలు తీసే నాకు! పైకి రాగానే మేస్త్రి మన మణికట్లు చూసి రాసుకునేవాడు కదా, ఆ లెక్కలన్నీ మొన్న అందరికీ చదివి వినిపించి, "ఊపిరంటే ఇదిరా" అన్నాడు. వచ్చే సోమవారం రేవు అవతల లోతులో పడిన లంగరుకు తాడు కట్టడానికి నన్నొక్కణ్ణే దింపుతున్నారు. అంత లోతుకు ఎవరు పడితే వాళ్లని పంపరు మరి.

ఇట్లు,
నీ బావమరిది

తా.క. నువ్వు మానేసిన దగ్గర్నుంచీ నా గడియారం కూడా గీతలే గీస్తోంది. అదీ నీళ్లలో, నా సిలిండర్ నా వీపు మీద ఉండగానే. మేస్త్రికి చెబితే "నీ ఊపిరికి లెక్కెందుకు, పాత లెక్క చాలు" అన్నాడు. దీనికి నీ మీద బెంగ పట్టుకున్నట్టుంది.

*

బావమరిదికి,

నీ తా.క. చదివి భోజనం మధ్యలో లేచాను. నా గడియారం తిప్పి వెనక చెక్కిన అంకె చూశాను. దాన్ని ఇచ్చిన రోజు సంతకం పెట్టి తెచ్చుకున్న చీటీ పెట్టెలో ఉంటే తీసి చూశాను. అంకె కలవలేదు. ఇది నీ గడియారం.

మందపాటి సూటు వేసుకున్నాక ఎవరి పట్టీ వాళ్లు బిగించుకోలేరు. నీ పట్టీ నేను, నా పట్టీ నువ్వు బిగించడం మనకు మొదటి నుంచీ అలవాటు. గడియారాలిచ్చిన రోజు నువ్వు నీది చేతిలో పట్టుకొచ్చి, అలవాటు కొద్దీ నా చేతికి కట్టావు. నేను నాది నీకు కట్టాను. రెండూ ఒక్కలాగే ఉన్నాయి, ఆ తర్వాత అదే సాగింది. పక్కపక్కనే గీకేవాళ్లం కాబట్టి నీ సిలిండర్ కబురు నా చేతికి, నా సిలిండర్ కబురు నీ చేతికి అందుతూ వచ్చింది. నేను దూరమయ్యాక నీకు గీతలు మిగిలాయి.

ఆ తక్కువ ఊపిరి నాది, నీది కాదు. లోతుకు దిగకు. మేస్త్రికి ఈ ఉత్తరం చూపించు.

బావ

తా.క. "వాడు నోరు మూసుకుని దిగితే వాడికీ సగం మిగులుతుంది" అని మీ అక్క రాయమంది. రాశాను.

*

బావా,

ఉత్తరం శనివారమే చేరింది. లోతుకు దిగలేదు.

ఒక మాట చెప్పాలి. గడియారాలు మారాయని నాకు ముందే తెలుసు. నువ్వు మానేసిన రోజే తెలిసింది. ఆ రోజు ఓడ కింద ఉన్నట్టుండి నాకు గాలి అందలేదు. కాస్త ముందు సగం ఉందన్న గడియారం గీతలు చూపిస్తోంది. పక్కకు చూస్తే నువ్వు లేవు, బురద నీళ్లలో తప్పిపోయి ఉంటావు. ఎలాగో పైకొచ్చి పడవ అంచు పట్టుకునేసరికి, పని మానేస్తున్నానని నువ్వు మేస్త్రికి చెబుతున్నావు. నీ పక్కకు రాగానే గడియారం మళ్లీ సగం చూపించింది, అది నీ సిలిండర్ లెక్కని అప్పుడే తెలిసింది. విషయం చెబుదామని నోరు తెరిచాను. ఇంతలో మేస్త్రి నా మణికట్టు చూసి, వీపు తట్టి, "చూడండి, వీడింకా సగం మిగిల్చాడు" అన్నాడు. ఇన్నేళ్లలో ఆ వీపు మీద పడిన మొదటి మెచ్చుకోలు. నోరు మూతపడింది.

చెప్పే ధైర్యం లేక, నువ్వే పట్టుకుంటావని ఆ గీతల సంగతి తా.క.లో పెట్టాను. ఇప్పుడు మేస్త్రికి అంతా చెప్పేశాను. నన్ను పడవలో కూర్చుని తాడు పట్టుకోమన్నాడు. నిన్ను వెంటనే రమ్మంటున్నాడు. నీ చోటు నేను కాజేశాను బావా, క్షమించు.

నీ బావమరిది

తా.క. పడవలో ఎంత పాడినా గాలి లెక్క అడిగేవాళ్లు లేరు. ఎప్పుడు ఆపుతావని మాత్రం అడుగుతున్నారు.

*

బావమరిదికి,

నువ్వు క్షమించమని అడగకు. నేను మొదట రాసిన ఉత్తరంలో అంతా నిజం రాయలేదు.

ఆ రోజు నేను బురదలో తప్పిపోలేదు. నువ్వు చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాను. నా చేతి మీద ఎర్ర అంకె వెలిగింది. గాలి అయిపోవస్తే జోడీవాడి భుజం తట్టాలి, ఇద్దరూ కలిసి పైకి రావాలి. ఈ పనిలో నీకు నేను నేర్పిన మొదటి పాఠం అదే. నువ్వు బుడగలు వదులుతూ పాడుకుంటున్నావు. భుజం తడితే బావకు ఊపిరి చాలడం లేదని నీకు తెలిసిపోతుంది. సిగ్గేసింది. తట్టకుండా పైకి వచ్చేశాను.

నేను మానేసింది ఊపిరి చాలక కాదు, నిన్ను కింద వదిలేసి వచ్చినందుకు. నీకు బోలెడు గాలి ఉంది కదా, ఏమవుతుందిలే అని ఇన్నాళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ ఎర్ర అంకె నీది. అయిపోతున్నది నీ గాలి. నా సిలిండర్‌లో సగం ఉంది. ఇద్దరం పైకి రావడానికి సరిపోయేది.

మేస్త్రి రమ్మంటే ఏ మొహంతో వస్తాను? నాకు జోడీగా దిగేవాడికి ఏం చెబుతాను? ఈ సంగతి మేస్త్రికి నువ్వు చెప్పినా సరే, నన్ను వచ్చి చెప్పమన్నా సరే.

ఇట్లు,
బావ

తా.క. ఈ ఉత్తరం మీ అక్కకు చదివి వినిపించాను. తిట్టలేదు, లేచి వెళ్లి తలుపు వేసుకుంది. నువ్వైనా తిట్టు, కానీ జవాబు మాత్రం త్వరగా రాయి.