కత్తి వచ్చేదాకా కదలొద్దు

అక్టోబరు 2, 1978. సోమవారం.

కొట్లో రెండు సైకిల్ పంక్చర్లు, ఒక చైను. పొద్దుటి నుంచీ వాన.

సాయంత్రం సాధనలో గురువుగారి చెక్క కత్తి నా వేళ్లకు తగిలింది. పన్నెండేళ్లుగా ఆయనతో జంటగా చేస్తున్నాను. ఎప్పుడూ తగల్లేదు.

మొదటి వరసలో, అంటే ముందే కట్టి ఉంచిన దెబ్బల క్రమంలో, ఇద్దరం పై నిలకడలో ఉంటాం, కత్తులు తలమీదికి ఎత్తి. పెద్దవాడు, అంటే గురువు, కొట్టాలి. చిన్నవాడు కత్తి వచ్చేదాకా కదలకూడదు. వచ్చిన క్షణాన ఒక్క అడుగు వెనక్కి జారి, ఆ కత్తి గాలిని కోసి దిగగానే తాను కొట్టి నుదుటి మీద ఆపాలి. ఎప్పుడూ ఓడేది పెద్దవాడే. అదే పద్ధతి.

ఆలస్యంగా కదిలావోయ్ ఇగరాషీ, అన్నారు హొన్మా గురువుగారు. అవునండీ అన్నాను.

నేను ఆలస్యం చెయ్యలేదు.

అక్టోబరు 4, బుధవారం.

కుమాకురా బ్రేకు బిగించుకోవడానికి వచ్చాడు. మా కత్తి సంఘానికి అధ్యక్షుడు. సాకే అనే బియ్యం సారా అమ్మే కొట్టు ఉంది, పొట్ట కూడా ఉంది. పని అయ్యేదాకా స్టూలు మీద కూర్చుని మాట్లాడుతూనే ఉన్నాడు.

ఏమయ్యా సైకిల్ డాక్టరూ, వచ్చే నెల మూడో తారీకు గుళ్లో ప్రదర్శనకి మళ్లీ నీ తలకాయే కదా పణం, ముసలాయనకి డెబ్భై ఆరు, చేతిలో నిజం కత్తి, కాస్త ఇన్సూరెన్సు చేయించుకో, అన్నాడు. నవ్వాను. వాడు నవ్వలేదు. ఈసారి చెయ్యి ఏమాత్రం వణికినా వచ్చే ఏడు గౌరవ సలహాదారు అని కాగితం చేతిలో పెట్టి, పెద్ద కుర్చీ వేసి కూర్చోబెట్టేస్తాం, నువ్వేం అడ్డం పడకు, అన్నాడు.

గురువుగారికి కుర్చీ వెయ్యడమంటే చేతిలో కత్తి లాగేసుకోవడమే, అది వాడికి తెలుసు.

అక్టోబరు 8, ఆదివారం.

ఇవాళ పరీక్ష పెట్టాను. ఆయనకు.

ఇద్దరం పై నిలకడలో నిలబడ్డాక, చప్పుడు లేకుండా కుడి పాదం ముందుకు జరిపాను. బెత్తెడు. మామూలుగా అయితే నా బొటనవేలు కదిలినా ఎక్కడికి బయల్దేరావు అని అరుస్తారు. ఇవాళ ఏమీ అనలేదు. ఎప్పటి దూరమే అనుకుని వచ్చారు. కత్తి నా వేలి మీద పడింది.

తర్వాత నడిమి నిలకడలో చూశాను. ఆయన కత్తి మొన నా గొంతును చూడాలి. నా ఎడమ భుజాన్ని చూస్తోంది.

ఆయనకు కనబడటం లేదు.

అక్టోబరు 9.

వేలు వాచింది. టైరు ఎక్కించలేకపోయాను.

అక్టోబరు 13, శుక్రవారం.

సంచీలో పళ్లు తీసుకుని గురువుగారింటికి వెళ్లాను. ఆయన స్నానంలో ఉన్నారు. కూతురు చిజుకో టీ పోసింది. చూరు కింద ఉప్పు పట్టించిన సాల్మన్ చేపలు వేలాడుతున్నాయి. వాటి పక్కన గుంజకు ఒక తాడు కట్టి ఉంది, స్నానాలగది దాకా, నడుము ఎత్తున. బట్టలు ఆరేసుకునే తాడు కాదు.

నేను తాడు వైపు చూడటం చిజుకో చూసింది. పేపరు నేనే పైకి చదువుతా ఇగరాషి గారూ, వంట చేస్తూ ఏదో నాకోసం చదువుకున్నట్టు, నాన్న వింటారు, ఇద్దరం ఏమీ అనుకోం, అంది. ఎన్నాళ్లుగా అని అడిగాను. వరినాట్ల నుంచి అంది. మీరే చెప్పి ఆపించండి, మీ మాటైతే వింటారు, కుమాకురా గారు కుర్చీ వేస్తే ఆ కుర్చీలోనే పోతారు నాన్న, అంది.

గురువుగారు వచ్చారు. వేలు ఎలా ఉందోయ్ అన్నారు. తగ్గిందన్నాను. పళ్లు బాగున్నాయన్నారు. ఇంకా సంచీలోంచి తియ్యలేదు వాటిని.

ఆపమని చెప్పకుండానే వచ్చేశాను.

అక్టోబరు 16, సోమవారం.

మూడు పంక్చర్లు. ఎండ.

మొదట్లో నాకు ఎవరూ కత్తి నేర్పలేదు. సాధనశాల కిటికీలోంచి చూసి, కొట్టు వెనక గాలి పంపు తలమీదికెత్తి నిలబడటం నేర్చుకున్నాను. ఒకరోజు పంక్చరుకని వచ్చిన గురువుగారు అది చూశారు. చెప్పు విప్పి నా ఎడమ మడమ మీద ఒక్కటి కొట్టారు. మడమ లేపు, నేలకి ఆనిన మడమ నిద్రపోతుంది, అన్నారు. మర్నాటి నుంచి లోపలికి వెళ్లాను.

ఇవాళ ఆయనతో అబద్ధం ఆడాను. నోటితో కాదు. కత్తి రాకముందే వెనక్కి జారాను, ప్రాణం కాపాడుకుందామని. ఆయన సాధన ఆపేశారు. ఎవరి తలకాయ దాచుకున్నావురా, నేను కొట్టింది ఎవర్ని, గాలినా, అన్నారు. అందరూ వింటున్నారు. మూడో తారీకున గుళ్లో ఇలాగే పారిపోయేటట్టయితే ఇప్పుడే చెప్పు, కుమాకురాని నిలబెట్టుకుంటా, అన్నారు.

కుమాకురా కదిలేసరికి కత్తి దిగిపోతుంది. కదలను గురువుగారూ అన్నాను.

అక్టోబరు 22, ఆదివారం.

తెలిసింది. ఆయన నా అడుగు వింటున్నారు. చెక్క నేల మీద నా పాదం జారిన చప్పుడును బట్టి దూరం కొలుస్తున్నారు. మొదటిసారి తగిలిన రోజు రేకుల మీద వాన హోరు. రెండోసారి నేనే చప్పుడు లేకుండా జరిగాను. మిగతా రోజుల్లో ఎక్కడా తప్పలేదు.

గుడి ముందు నేల ఇసుక.

అక్టోబరు 25, బుధవారం.

ఊపిరి గట్టిగా వదిలి చూశాను. పై నిలకడలో ఊపిరి ఎదుటివాడికి తెలియకూడదు, తెలిస్తే అదను ఇచ్చినట్టే. పన్నెండేళ్లు తిట్టి తిట్టి ఆయన నా ముక్కులోంచి చప్పుడు తీసేశారు. ఇవాళ కొలిమి తిత్తిలా వదిలాను.

ఆయన ఆగారు. తిడతారనుకున్నాను. ముఖం కాస్త కుడికి తిప్పి విన్నారు. తర్వాత కొట్టారు. సరిగ్గా.

ఏమీ అనలేదు. తిట్టలేదంటే, నాకు తెలుసని ఆయనకు తెలిసిపోయింది.

అక్టోబరు 29.

నిజం కత్తులతో ఒకసారి చేశాం. చెక్క నేల మీదే. బాగానే వచ్చింది.

నవంబరు 3, శుక్రవారం. సాయంత్రం ఐదు.

కొట్టు తెరవలేదు.

గుడి దగ్గర విపరీతమైన గాలి. పైన్ చెట్లు హోరుమంటున్నాయి. అవతల ఆవరణలో పిల్లలు డప్పులు వాయిస్తున్నారు, ఆపమని ఎవరూ అనలేదు. ఇసుక కొత్తగా పోశారు, మెత్తగా.

వంగి దణ్ణం పెట్టుకున్నాం. కత్తులు దూశాం. తలమీదికెత్తి ఎదురెదురుగా నడిచి ఆగాం. ఊపిరి వదిలాను. నాకే వినబడలేదు. మళ్లీ వదిలాను. గురువుగారు కొట్టలేదు. ముఖం కుడికి తిరిగింది, తర్వాత ఎడమకు. జనానికి అది నిండు ప్రశాంతతలా కనబడి ఉంటుంది. నాకు మాత్రం ఆయన బొటనవేలు ఇసుకలో వెతుక్కోవడం కనబడింది. ముందు వరసలో కుమాకురా మెడ చాచి చూస్తున్నాడు.

ఆయన పాదం కదిలింది. నా వైపు కాదు. కొంచెం పక్కకు, చాలా దగ్గరికి.

తో! అని అరిచాను.

అది నేను తిరిగి కొట్టేటప్పుడు వెయ్యాల్సిన కేక. పెద్దవాడి కంటే ముందు చిన్నవాడు నోరెత్తడం మొదటి ఏడు పిల్లలు కూడా చెయ్యని తప్పు. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. గురువుగారి పాదం వెనక్కి వచ్చింది, తిన్నగా నా వైపు తిరిగింది. ముఖం కూడా.

కత్తి వచ్చింది. వచ్చేదాకా కదల్లేదు. కదిలాక దాని గాలి నా కనురెప్పలకు తగిలింది. నేను కొట్టాను. నా కత్తి ఆయన నుదుటి మీద ఆగింది. అక్కడ చెమట చుక్క కూడా లేదు.

మిగతా వరసలన్నిటికీ అలాగే ముందే అరిచాను. ఒక్కసారే అరిస్తే ఎందుకా అని ఆలోచిస్తారు. ప్రతిసారీ అరిస్తే మూర్ఖుడనుకుంటారు.

అయ్యాక కుమాకురా అందరి ముందూ పట్టుకున్నాడు. ఏంటయ్యా ఇగరాషీ, పన్నెండేళ్లు నేర్చుకుని కూడా సైకిల్ బెల్లులా ముందే మోగుతావేంటి, దారి తప్పుకోమనా, అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ తల వంచుకుని నవ్వాను.

గురువుగారు కత్తి ఒరలో పెడుతున్నారు. ఒర మూతి కోసం బొటనవేలితో తడుముకుని మెల్లగా పెట్టారు. పెట్టాక, కుమాకురా, అని పిలిచారు. వచ్చే ఏడు నా చోట, కొట్టే వైపు, ఇగరాషి నిలబడతాడు, ముందే మోగే అలవాటు పట్టింది వీడికి, పక్కనే కూర్చుని దిద్దాలి, నువ్వేదో కుర్చీ అంటున్నావటగా, రేపే తెచ్చి వెయ్యి, మెత్తది కాదు, చెక్కది, అన్నారు.

కుమాకురా నోరు తెరిచి, అలాగే గురువుగారూ అన్నాడు.

ఇంటికి నడుస్తున్నప్పుడు ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. మెట్లు ఉన్నచోట మాత్రమే.

నవంబరు 6, సోమవారం.

ఒక పంక్చరు. ఒక బెల్లు.

బెల్లు గురువుగారు పుచ్చుకున్నారు. ఆయనకు ఇప్పుడు సైకిల్ లేదు. సాయంత్రం సాధనలో దాన్ని కుర్చీ చేతికి బిగించమన్నారు. నా ఎడమ మడమ నేలకు ఆనిన ప్రతిసారీ మోగింది.