విమానం లేనివారి పట్టిక

పటాన్‌చెరు,
3 జూన్ 2001

పూజ్యులు పట్వారి చలపతిరావు గారికి వెంకటేశం నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

నేను ఇక్కడ బాగానే ఉన్నాను. మీరు, కౌసల్యమ్మగారు బాగున్నారని తలుస్తాను. ఫోను చేద్దామంటే ఊళ్లో ఉన్న ఒక్క ఫోనూ సర్పంచ్ ఇంట్లో ఉంది, మీకూ ఆయనకూ మాటల్లేవు. అందుకని ఈ ఉత్తరం.

మీతో చిన్న పని పడింది. మా ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి రిటైరైన కామేశ్వరరావు సారుకు విమానాల పిచ్చి. విమానం ముక్కలన్నీ ఒక డబ్బాలో వస్తాయి, మనమే అతికించి కట్టుకోవాలి. పైకి లేచాక కింద నిలబడి రేడియోతో నడపాలి. ఆ పిచ్చి నాకూ అంటించి, సొంతూరికి పోతూ పోతూ తొమ్మిది డబ్బాలు నాకిచ్చి పోయారు. నా కిరాయి గదిలో కాళ్లు చాపుకొనే జాగా లేదు కాబట్టి వాటిని మన ఊళ్లో మా మొగులమ్మక్క ఇంటి అటక మీద పెట్టాను.

ఇప్పుడు నేను ఇంటర్నెట్‌లో ఒక పట్టిక తయారు చేస్తున్నాను. ఇలాంటి విమానాల డబ్బాలు ప్రపంచంలో ఎన్ని రకాలు వచ్చాయో అన్నీ అందులో ఎక్కాలి. పేరు, చేసినవాళ్లు, రెక్కల పొడవు, ఇంజను, ఏ ఏడు వచ్చింది, ఇవన్నీ. చేసే కంపెనీలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. ఎక్కడో ఎవరికో సగం డబ్బా దొరికితే అది ఏ విమానమో చెప్పే దిక్కు లేదు. ఇప్పటికి నాలుగు వందల పన్నెండు ఎక్కించాను. ఆదివారాలన్నీ ఇంటర్నెట్ సెంటర్‌లోనే గడిచిపోతున్నాయి, అందుకే ఊరికి రాలేకపోతున్నాను.

అక్కకు చదువు రాదు. మీరు ఒక్కసారి వెళ్లి, తొమ్మిది డబ్బాల మీదా ఏం రాసి ఉందో చూసి రాసి పంపగలరా? మీ అంత వివరంగా రాసేవాళ్లు మన ఊళ్లో ఇంకెవరున్నారు?

ఇట్లు,
మీ వెంకటేశం

తా.క.: డబ్బాలు తెరవకండి. అటక మీద ఒక పిల్లి ఉంటుంది. కరవదు. కానీ అది అక్క పెంచిన పిల్లి, ఒక్క మాటంటే పడదు.

⁂

ఎర్రకుంటపల్లి,
14 జూన్ 2001

చిరంజీవి వెంకటేశానికి చలపతిరావు ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం అందింది. సర్కారు పట్వారీల పని తీసేసి పదహారేళ్లు దాటింది. ఈ పదహారేళ్లలో పట్టిక రాసి పెట్టమని నన్ను అడిగినవాడివి నువ్వొక్కడివే. కౌసల్య చేత పాత రిజిస్టరు దులిపించి, కలంలో సిరా పోసుకుని, మర్నాడు పొద్దున్నే మొగులమ్మ ఇంటికి వెళ్లాను.

వివరాలు ఇవి. మొదటి డబ్బా: మీద ఎర్ర రెక్కల విమానం బొమ్మ. హద్దులు: తూర్పున పాడైన కుట్టుమిషను, పడమర కందుల బస్తా, ఉత్తరాన గోడ, దక్షిణాన పిల్లి. మిగతా ఎనిమిది డబ్బాల హద్దులూ విడి కాగితం మీద రాసి జతపరిచాను. నాలుగో డబ్బాకు దక్షిణపు హద్దు విషయంలో కొంత పేచీ ఉంది. పిల్లి కదులుతోంది.

రెక్కల పొడవు అడిగావు. మొదటి డబ్బా మీద అరవై అని అంకె ఉంది. గజాలా, అడుగులా అన్నది నాకు వచ్చిన ఇంగ్లీషుకు అందలేదు. గజాలుగా నమోదు చేశాను.

నేను రాస్తుండగానే వాకిట్లో నలుగురు చేరారు. సోమయ్య వచ్చి "ఏం రాస్తున్నరు పట్వారి సాబ్?" అన్నాడు. కంప్యూటర్‌లో విమానాల లెక్క తీస్తున్నారని చెప్పాను. "మా ఇంట్లయితె లేదు" అన్నాడు. "మాకూ లేదు" అంది వెనక నుంచి బక్కమ్మ.

పట్టికల సంగతి నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఉన్నవాళ్ల లెక్క తీస్తున్నారంటే లేనివాళ్లకు ఏదో రాబోతున్నదని అర్థం. సర్కారు ఇళ్లిచ్చినప్పుడు జరిగింది అదే. విత్తనాల కంపెనీలు కూడా ముందు నమూనా డబ్బాలే పంపుతాయి. కనుక నువ్వు అడగకపోయినా, విమానం లేని కుటుంబాల పేర్లు కూడా రాయడం మొదలుపెట్టాను.

ఇట్లు,
చలపతిరావు, పట్వారి (మాజీ)

తా.క.: నిన్నటికి ముప్పై ఎనిమిది కుటుంబాలు. పేరు రాయించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్లకూ ఛాయ్ ఇవ్వాల్సి వస్తోందని, ఇది ఎన్నాళ్లని కౌసల్య అడుగుతోంది.

⁂

పటాన్‌చెరు,
24 జూన్ 2001

పూజ్యులు పట్వారి గారికి నమస్కారాలతో.

మీరు పడిన శ్రమకు ఎలా కృతజ్ఞత చెప్పుకోవాలో తెలియడం లేదు. నా పట్టికలో 'ఇతర వివరాలు' అని ఒక గడి ఉంది. హద్దులన్నీ ఇంగ్లీషులోకి మార్చి అందులో పెట్టేశాను, పారేయడానికి చేతులు రాలేదు.

అయితే అది అరవై గజాలు కాదండీ, అరవై అంగుళాలు. నైట్ షిఫ్టు దిగి వచ్చిన నిద్రకళ్లతో చూసుకోకుండా గజాలనే ఎక్కించాను. ఆ సాయంత్రానికే జర్మనీ నుంచి ఒకాయన, దాన్ని దించడానికి రన్‌వే ఎక్కడ దొరికిందని అడిగాడు. సరిదిద్దాను.

విమానం లేనివాళ్ల పేర్లు మాత్రం వద్దండీ. పట్టికకు వాళ్లు నాకిచ్చిన జాగా చాలా తక్కువ. ఉన్నవాటికే చాలడం లేదు, ఇక లేనివాళ్లను ఎక్కడ పెట్టను?

ఇట్లు,
మీ వెంకటేశం

తా.క.: మిగతా ఎనిమిది డబ్బాల మీద ఉన్న అంకెలు కూడా పంపండి. పిల్లి అవసరం లేదు.

⁂

ఎర్రకుంటపల్లి,
5 జూలై 2001

చిరంజీవి వెంకటేశానికి ఆశీస్సులు.

నీ ఉత్తరం మా ఇంటి అరుగు మీద నిలబడి అందరికీ చదివి వినిపించాను. జాగా తక్కువ అంటే కోటా తక్కువ అన్నమాట. ఆ సంగతి వినగానే మిగిలిన ఊరు కూడా కదిలింది. ప్రస్తుతం నూట నలభై మూడు కుటుంబాలు.

అరవై అంగుళాలన్నావు, నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. సర్కారు పేదలకిచ్చేది ఏదైనా చిన్నదిగానే ఉంటుంది. ఇల్లిస్తే ఒక్క గది ఇస్తుంది. విమానమిస్తే ఒక్క మనిషి పడుకుని పోయేంత ఇస్తుంది. "బోర్లా పండుకోవాల్నా, ఎల్లెలకలా?" అని అంజయ్య అడిగాడు. నువ్వే చెప్పాలి.

పేచీలు కూడా మొదలయ్యాయి. సోమయ్య ఇంట్లో ఇప్పటికే ఒక విమానం ఉందని ఓదెలు ఫిర్యాదు చేశాడు. విచారణకు స్వయంగా వెళ్లాను. అది సోమయ్య మనవరాలికి ఏడుపాయల జాతరలో కొన్న ప్లాస్టిక్ విమానం. ఒక చక్రం లేదు. ఎగరదు కాబట్టి అది లెక్కలోకి రాదని సోమయ్య వాదన. "ఎగరకపోతె ఏమాయె, ఇమానం ఇమానమే గద!" అని ఓదెలు. నేను తీర్పు చెప్పేలోపే సోమయ్య దాన్ని తీసుకెళ్లి ఓదెలు ఇంటి గూట్లో పెట్టి వచ్చాడు. ఇప్పుడు ఓదెలు అనర్హుడు. రెండు రోజుల నుంచి అతను దాన్ని ఎవరికివ్వాలో తెలియక ఊరంతా తిరుగుతున్నాడు, అందరూ తలుపులు వేసుకుంటున్నారు.

బక్కమ్మ మాత్రం "నాకు ఇమానమద్దు సాబ్, దాని బదులు బర్రెనిస్తరేమో జెర రాసి అడుగుండ్రి" అంటోంది. ఆమె అర్జీ జతపరిచాను.

ఒక మాట చెప్తాను. పొద్దున లేచేసరికి అరుగు నిండా జనం ఉంటున్నారు, వెంకటేశం. నా చూపు మందగించిందనుకున్నాను, ఇప్పుడు ఒత్తులు కూడా కనిపిస్తున్నాయి. మొన్న రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను. నీకు పుణ్యముంటుంది.

ఇట్లు,
చలపతిరావు, పట్వారి

తా.క.: కింద నిలబడి రేడియోతో నడపాలని మొదట రాశావు. రేడియో కూడా వాళ్లే ఇస్తారా, ఉన్నది పనికొస్తుందా? అంజయ్య సంగారెడ్డికి పోయి తనది బాగు చేయించుకుని వచ్చాడు.

⁂

పటాన్‌చెరు,
12 జూలై 2001

పూజ్యులు పట్వారి గారికి వెంకటేశం చేతులు జోడించి రాస్తున్నది.

తప్పంతా నాది. మొదటి ఉత్తరంలోనే విడమరిచి రాయాల్సింది. మీకు తెలిసే ఉంటుందనుకున్నాను.

అవి బొమ్మ విమానాలండీ. బాల్సా అని దూదిలాంటి తేలిక కర్ర ఉంటుంది, దాని పలకలు అతికించి కడతాం. మనిషి కాదు కదా, అక్క పిల్లి ఎక్కినా విరిగిపోతుంది. ఎవరూ పడుకోనక్కరలేదు. నా పట్టికకూ సర్కారుకూ ఏ సంబంధమూ లేదు. దాన్ని నడిపేది నేనొక్కణ్ణే. జాగా ఇచ్చింది ఎవరో వెబ్‌సైట్ వాళ్లు. చూసేది నాలాంటి పిచ్చివాళ్లు, దేశాలన్నీ కలిపినా మూడు వందల మంది ఉండరు. ఎవరికీ ఏమీ రాదు. విమానం రాదు, బర్రె రాదు.

ఈ సంగతి మీరు ఊళ్లో చెప్పలేరని నాకు తెలుసు. కంప్యూటరు పాడైపోయిందని, పేర్లన్నీ చెరిగిపోయాయని చెప్పేయండి. అది ఎవరైనా నమ్ముతారు. లేదా నేనే వచ్చి అరుగు మీద నిలబడి తిట్లు తింటాను. నన్ను క్షమించండి.

ఇట్లు,
మీ వెంకటేశం

తా.క.: ఈ సమయంలో రాయకూడదు, కానీ రాయకుండా ఉండలేను. మీ హద్దులు చదివి జపాన్ నుంచి ఒకాయన ఉత్తరం పెట్టాడు. ఆ పిల్లి ఏ కంపెనీ తయారు చేసిందని అడుగుతున్నాడు.

⁂

ఎర్రకుంటపల్లి,
18 జూలై 2001

వెంకటేశానికి,

నీ ఉత్తరం ఒకసారి చదివాను. రెండోసారి చదవలేదు.

తప్పు నీది కాదు. అరవై అంగుళాలని నువ్వు రాసిన రోజే నేను ఆగి ఆలోచించాల్సింది. ఆగబుద్ధి కాలేదు. అరుగు నిండా మనుషులుంటే ఎవరికి ఆగబుద్ధి అవుతుంది?

నూట నలభై మూడు పేర్లు నా చేత్తో రాశాను. ఈ ఊళ్లో నన్ను తిట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకు కారణాలూ ఉన్నాయి. కానీ పట్వారి రాసింది అబద్ధమని అన్నవాడు ఇంతవరకూ లేడు. ఇప్పుడు ఊరు ఊరంతా అనబోతోంది. అది తలుచుకుంటే అన్నం సయించడం లేదు.

కంప్యూటరు మీదికి నెట్టేయమన్నావు. ఆ పని నేను చేయను. ఈ ఆదివారం అందరినీ పిలిచి నా నోటితో నేనే చెప్తాను. ఆ తర్వాత రిజిస్టరు మూసేస్తాను, మళ్లీ తెరవను. నువ్వు రావద్దు. నీ ఎదురుగా నాకు మరీ సిగ్గు.

చలపతిరావు

తా.క.: ఏమీ లేదు.

⁂

ఎర్రకుంటపల్లి,
23 జూలై 2001

చిరంజీవి వెంకటేశానికి చలపతిరావు నిండు మనసుతో ఆశీర్వదించి రాయునది.

నిన్న ఆదివారం. పొద్దున ఏడింటికే అందరూ వచ్చారు. ఇదే ఆఖరు కదా అని కౌసల్య ఛాయ్‌లో అల్లం దంచి వేసింది. నేను రిజిస్టరు చేతిలో పట్టుకుని లేచి నిలబడ్డాను. ఉన్నదున్నట్టు చెప్పేశాను. అవి బొమ్మలని, సర్కారు ఏమీ ఇవ్వదని, నేను పొరపాటు పడ్డానని, నూట నలభై మూడు కుటుంబాలకు ఆశ పెట్టినందుకు నన్ను మన్నించాలని.

అంజయ్య గ్లాసు కింద పెట్టి "గంతేనా?" అన్నాడు.

"అంతే" అన్నాను.

"గది మాకెర్కనే సాబ్. మొదటి దినం మీరిటు పోయిన్రో లేదో, మొగులమ్మ డబ్బా ఇప్పి సూపెట్టింది. అన్ని పుల్లలే."

మరి ఈ నెల రోజులుగా పేర్లు ఎందుకు రాయించుకున్నారని అడిగాను. అందరూ సోమయ్య వైపు చూశారు. సోమయ్యే చెప్పాడు.

"తప్పుగ అనుకోకుండ్రి. మీ కొలువున్నప్పుడు గీ అరుగు కాడికి రావాల్నంటె చెప్పులు ఆడనే ఇడిచి, చేతులు కట్టుకొని కింద నిలబడుతుంటిమి. మీరు తల ఎత్తి సూసేదాక పొద్దు గుంకేది. ఇప్పుడు గదే అరుగు మీద మీ పక్కన కూసొని, ఛాయ్ తాక్కుంట, మీరు 'పేరేంది, ఇంటిపేరేంది' అని మంచిగ అడుగుతాంటె... గీ మజా మాకు ఎన్నడు దొరికింది సాబ్? ఇగ ఇమానమొస్తె ఏంది, రాకుంటె ఏంది!"

నాకు కోపం రావాలి, వెంకటేశం. రాలేదు. ముందు సిగ్గేసింది. ఆ రోజుల్లో వాళ్లను నిలబెట్టినవాణ్ణి నేనే కదా, ఒక్కరోజు కూడా కూర్చోమని అన్నట్టు గుర్తు లేదు. తర్వాత నవ్వొచ్చింది. నేను నవ్వడం చూసి వాళ్లంతా నవ్వారు. కౌసల్య అయితే కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. ఆమెకు కూడా ముందే తెలుసట.

"మరి మీరు మీరు కొట్లాడుకున్నారు కదా, అదంతా నాటకమేనా?" అన్నాను.

"కొట్లాట నిజమే" అన్నాడు ఓదెలు ఇంకా మండుతూనే.

సరే, ఈ పేర్లన్నీ కొట్టేస్తానని కలం తీశాను. అప్పుడు చూడాలి వాళ్లను. అందరూ ఒక్కసారి లేచారు. అంజయ్య వచ్చి ఏకంగా నా చెయ్యి పట్టుకున్నాడు. "కొట్టెయ్యకుండ్రి సాబ్! రాసినై రాసినట్టె ఉండనీయుండ్రి. ఎవలకెర్క, రేపు నిజంగనే ఇస్తె?"

కొట్టేయలేదు.

అంతా లేచి వెళ్లబోతుండగా బక్కమ్మ వచ్చి రిజిస్టరు ముందు కూలబడింది. సాయంత్రపు బడికి పోయి ఈ మధ్యే అక్షరాలు నేర్చుకుంది. "అందరియి రాస్తిరి, మీ పేరేది? మీకున్నదా ఇమానం?" అని అడిగింది.

"లేదు" అన్నాను.

"మరి!" అని నా చేతిలోంచి కలం లాక్కుంది. ఆ ఒక్క వరస రాయడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. ఎవరూ ఇంటికి పోలేదు, అందరూ వంగి చూస్తూ నిలబడ్డారు. నూట నలభై నాలుగు, చలపతిరావు, విమానం లేదు.

ఈ ఊళ్లో అందరి పేర్లూ నేను రాశాను. నా పేరు ఇంకొకరు రాయగా చూడటం ఇదే మొదటిసారి. అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నాయి. దిద్దలేదు.

నీ ఎనిమిది డబ్బాల అంకెలు అంగుళాల్లోనే జతపరిచాను. రిజిస్టరు మూయలేదు.

ఇట్లు,
చలపతిరావు (వరుస సంఖ్య 144)

తా.క.: ఈ ఉత్తరం అంటిస్తుండగా పక్క ఊరి నుంచి ఇద్దరు వచ్చారు. వాళ్ల ఊళ్లో కూడా ఎవరికీ విమానం లేదట. ఇవి ఉత్త బొమ్మలని, ఏమీ రాదని ముందే చెప్పాను. "గది మాకు గూడ ఎర్కనే, జెర రాయుండ్రి" అని అరుగు మీద కూర్చున్నారు.