బాపు ఆంప్లిఫయర్‌కు జోడి

నాందేడ్,
సోమవారం

పెద్దన్నకు, వదినకు సువర్ణ దండాలు.

మేం బాగున్నాం. మీరూ పిల్లలూ చల్లగా ఉంటే అంతకన్నా ఏం కావాలి! వదిన మోకాలి నొప్పి తగ్గిందా? దవాఖానకు తీసుకుపోయావా, నాట్లు అయ్యాక చూద్దామంటున్నావా? ఫోన్లో అయితే సగంలోనే పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

ఇక్కడ నాలుగు రోజులుగా ముసురు. ఆయన పసుపు గోదాముకు పోతే, నేను స్కూలు యూనిఫారాలు కుట్టుకుంటూ కిటికీ దగ్గర కూర్చుంటాను. ప్రతి కూరలో పల్లీల పొడి వేసే ఈ ఊరి వంట కూడా అలవాటైంది. నా ఫికర్ పెట్టుకోకు. కానీ మిషను ఆపి కళ్లు మూస్తే చాలు, బాన్సువాడలో మన ఆదివారం పొద్దున వచ్చేస్తుంది. బాపు ఆంప్లిఫయర్ మీది దుమ్ము తుడిచి మెల్లగా గుండీ తిప్పేవాడు. పాట ఎటు నుంచి వస్తోందో తెలిసేది కాదు, రెండు స్పీకర్ల నడుమ గాలిలో నిలబడినట్టుండేది. నేనూ తమ్ముడూ అక్కడే చాప మీద పడుకుని అలాగే నిద్రలోకి జారుకునేవాళ్లం.

బాపు పోయాక పంపకాల రోజు ఆ రెండు స్పీకర్లు చూపిస్తూ నువ్వన్న మాట ఇంకా వినిపిస్తుంది. "నాకొకటి, వానికొకటి. ఇగ సాఫ్" అన్నావు. తమ్ముడు తన వంతు స్పీకరు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. మీ ఇద్దరి మీది కోపంతోనే నేను ఆంప్లిఫయర్ అడిగాను అన్నా. ఇవాళ ఒప్పుకుంటున్నాను. అప్పటి నుంచి మీ ఇద్దరికీ మాటల్లేవు.

పోయిన వారం ఆశ పుట్టి కొత్త స్పీకర్లు కొని తగిలించాను. పావుగంటకే ఆంప్లిఫయర్ చేయి పెట్టలేనంత వేడెక్కి ఆగిపోయింది. ఏడుపొచ్చింది. ఇక్కడ రిపేరు చేసే, దెగ్లూరు నుంచి వచ్చిన తెలుగు పెద్దాయనకు చూపిస్తే, విప్పి చూసి నవ్వాడు.

"గిది మంచిగనే ఉన్నది బిడ్డా. ఎనిమిది ఓముల స్పీకర్లు నడిపేదానికి నువ్వు నాలుగు ఓములవి తగిలిస్తే, బరువెక్కువై ఆయాసపడుతది. దీని అసలు జోడి ఏమాయె?"

ఊళ్లో ఉన్నాయన్నాను. ఒకే వీధిలో, చెరో ఇంట్లో, మూగగా పడున్నాయని చెప్పడానికి సిగ్గేసింది.

అందుకే ఆంప్లిఫయర్‌ను పాత చీరలో చుట్టి, ఇంటికే తెచ్చిచ్చే పార్సిల్లో పంపాను. నాకు మళ్లీ ఆ పాట వినాలని ఉంది, మీ ఇద్దరూ ఒక్క గదిలో ఉండగా వినాలని ఉంది. పెద్దత్తకు నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. కోప్పడినా సరే, నన్ను దీవించు.

పార్సిలు నీ పేరు మీదే ఉంది, నువ్వు సంతకం పెడితేనే ఇస్తారు. అడ్రసు మాత్రం తమ్ముడి ఇంటిది. వాడికి నేనేమీ చెప్పలేదు.

నీ చెల్లె,
సువర్ణ